చేప మానేసిన దేశం

పసిఫిక్ మహాసముద్రం పటంలో తలిమోవా దేశం కనబడదు. పటాలు అచ్చువేసేవాళ్ళు దాన్ని సిరా చుక్క అనుకుని ఎప్పటికప్పుడు తుడిచేస్తూ వచ్చారు. అయినా దేశం ఉంది. దానికో జెండా ఉంది, జాతీయ గీతం ఉంది, పార్లమెంటు ఉంది. పార్లమెంటులో పదకొండుమంది సభ్యులు. తొమ్మిదిమంది మంత్రులు, ఒకరు స్పీకరు. మిగిలిన ఒక్కడే ప్రతిపక్షం. అతను కూడా అలిగి కూర్చున్న మాజీ మంత్రే. పండగ ముందు రాజీపడి, పండగ వెళ్ళగానే మళ్ళీ అలిగేవాడు.

జనాభాలో సగంమంది ఆదినుంచీ ఉన్న దీవివాళ్ళు. మిగతా సగం, తెల్లదొరల కాలంలో చెరుకు నరకడానికి మన ఉత్తరాంధ్ర పల్లెలనుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళ మునిమనవలు. వాళ్ళ భాష వీళ్ళకీ, వీళ్ళ భాష వాళ్ళకీ వచ్చు. ఎవరు ఏ మాట ఏ భాషలో అన్నారో చెబుతూ కూర్చుంటే పొయ్యిమీద కూర మాడుతుంది కాబట్టి అందరిచేతా తెలుగే పలికిద్దాం.

ఆ రెండో సగంలో పుట్టినవాడు తవిటయ్య. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, వీడినైనా దక్కించుకుందామని నాయనమ్మ చేటెడు తవుడికి పక్కింటావిడకి అమ్మేసి, మళ్ళీ కొనుక్కుని పెట్టిన పేరు అది. ఇంత చవకవాడు మనకెందుకని మృత్యువు పక్కకి తప్పుకుంది. పెద్దయ్యాక చెరుకు కాటా దగ్గర గుమాస్తాగా చేరి, గుడి కమిటీలో దూరి, సహకార సంఘం మీదుగా పార్లమెంటులో తేలాడు. చివరికి మత్స్య, సంస్కృతి, జెట్టీల శాఖలకి మంత్రి అయ్యాడు. ఈ మూడు శాఖలూ ఒకరికే ఎందుకిచ్చారంటే, సచివాలయంలో ఖాళీగది ఒక్కటే మిగిలింది.

ఆయన మంత్రి అయిన ఏడాదే దీవివాళ్ళ పెద్ద కాలం చేశాడు.

తలిమోవా చుట్టూ పగడపు దిబ్బ ఉంది. దేశం తినే చేప అంతా ఆ దిబ్బ మీదే. పెద్ద పోయినప్పుడు దీవివాళ్ళు దిబ్బని మూసేస్తారు. వల వెయ్యరు, గాలం వెయ్యరు. సమాధి తలవైపు ఒక కొబ్బరికాయ పాతి, అది మొలకెత్తేదాకా ఎవరూ చేప ముట్టరు. ఎవరూ కాపలా ఉండరు, ఎవరూ చెప్పరు. అన్ని నెలలూ ఊళ్ళో వేపుడు వాసన రాదు. మొలక కనబడ్డ రోజున పోయినవాడి ఇంటివాళ్ళు ముందు నీళ్ళలోకి దిగుతారు, వెనకే అందరూ దిగుతారు.

సంస్కృతి శాఖ మంత్రి హోదాలో తవిటయ్య ఆ సమాధి దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా దేశమంతా కన్నీళ్ళతో ఉంది. ఎన్నికల్లో గెలిచిన రోజున కూడా తన చుట్టూ అంతమంది చేరలేదు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. చేప లేదు కాబట్టి భార్య దాలమ్మ చింతకాయ పచ్చడి వేసింది.

"నేను పోతే మానేస్తారంటావా?" అన్నాడు.

"ఏం మానేస్తారు?"

"చేప."

దాలమ్మకి అబద్ధం ఆడే అలవాటు లేదు. ఉన్నా ఇంట్లో వాడేది కాదు. కాసేపు ఆలోచించి, "సంతాపసభ అయ్యేదాకా మానేస్తారు బావా. ఎంతసేపు పెడతారు సభ?" అంది.

"అదే నా బాధ. ఆయనకేమో నెలలకి నెలలు. నాకు గంటన్నర."

"గంటన్నరా? అందులో మానోవా మాట్లాడేదే గంట."

మానోవా ప్రభుత్వ ముఖ్య కార్యదర్శి. ఆకలేస్తోందని చెప్పాలన్నా "ఉదరసంబంధమైన ఆవశ్యకత ఉత్పన్నమైనది" అనే మనిషి. దాలమ్మ చెప్పింది నిజమేనని తవిటయ్యకి తోచింది. అయితే ఆయన మంత్రి. మామూలు మనిషికి ఏదైనా కావాలనిపిస్తే కోరిక అంటారు. మంత్రికి అనిపిస్తే దాన్ని బిల్లు అంటారు.

*

బిల్లు పేరు మానోవా పెట్టాడు: ప్రజాప్రతినిధుల శోక సమానత్వ బిల్లు. వంశపారంపర్యంగా వచ్చిన పెద్దకి దిబ్బ మూస్తున్నప్పుడు, ప్రజలు స్వయంగా ఎన్నుకున్న మంత్రికి మూయకపోవడం ప్రజాస్వామ్యానికి అవమానం అని తవిటయ్య బిల్లుని సభలో పెడుతూ వాదించాడు. మొదట మంత్రులకి మాత్రమే అనుకున్నారు. ప్రతిపక్షం అలిగింది. మాజీ మంత్రుల్ని, స్పీకర్లని కూడా చేర్చగానే అలక తీరింది. తలిమోవాలో పదవి ఒక చుట్టు అందరింటికీ వెళ్ళొచ్చింది కాబట్టి, మాజీలు ఊరికి ఒకరైనా ఉన్నారు.

మానోవా ఇంకో నిబంధన జతచేశాడు. "ఒకరి శోకము మరియొకరి శోకములో కలియరాదు. కలిసినచో ఎవరి వాటా ఎంతయో నిర్ణయించుట సాధ్యపడదు. కావున ఇద్దరు గౌరవనీయులు దగ్గర దగ్గరగా దివంగతులైనచో, మొదటివారి మొలక వచ్చిన పిమ్మటనే రెండవవారి కాయ నాటవలెను."

"అంటే చచ్చాక కూడా వరసలో నిలబడాలా?" అని ఎవరో అడిగారు.

"సీనియారిటీ ఎక్కడైనా సీనియారిటీయే" అన్నాడు మానోవా.

పోయిన పెద్ద కొడుకు లోసేఫా ఇప్పుడు దీవివాళ్ళకి పెద్ద. ఆయన్ని మర్యాద కోసం పిలిచి అభిప్రాయం అడిగారు. లోసేఫా చాపమీద కూర్చుని అంతా విన్నాడు.

"మా ఇంట్లో ముప్పై నలభై ఏళ్ళకి ఒకరు పోతారు తవిటయ్యా. మీరు చాలామంది ఉన్నారు" అన్నాడు.

"అదే ప్రజాస్వామ్యం గొప్పదనం పెద్దాయనా" అన్నాడు తవిటయ్య.

లోసేఫా ఆ గొప్పదనానికి తలవంచి, ఇంటికెళ్ళి ఆ రాత్రి పెద్ద చేపనొకదాన్ని వండించుకున్నాడు. ముందుచూపున్న మనిషి.

బిల్లు ఏకగ్రీవంగా నెగ్గింది. అందరికన్నా గట్టిగా బల్ల చరిచింది ప్రతిపక్షం.

*

మొదట పోయింది ఫెలేటి అనే మాజీ తపాలా మంత్రి. మంచివాడు. జనం మారుమాట లేకుండా చేప మానేశారు. మొలక వచ్చింది, దిబ్బ తెరిచారు. అందరూ వలలు ఆరబెట్టుకునేలోపు మాజీ స్పీకరు పోయాడు. మళ్ళీ మూశారు. ఆ మొలక వచ్చేసరికి, కొబ్బరి శాఖ చూసిన ఒక మాజీ మంత్రి మంచంపట్టి ఉన్నాడు. దిబ్బ తెరిచింది పొద్దున్న, ఆయన కన్నుమూసింది సాయంత్రం. పొద్దున్న వల వేసినవాళ్ళకి చేప దక్కింది. భోంచేసి కునుకు తీసి వెళదామనుకున్నవాళ్ళకి ఆ కునుకు చాలా ఖరీదైపోయింది.

దేశంలో చేప లేకపోతే ఏం తిన్నారంటే, డబ్బా చేప తిన్నారు. దిబ్బ అవతలి సముద్రాన్ని ప్రభుత్వం ఎప్పుడో పరాయి ఓడలకి కౌలుకిచ్చింది. ఆ ఓడలు తలిమోవా చేపని తలిమోవా కళ్ళముందే పట్టుకెళ్ళి, డబ్బాలో కూరి, మూతమీద నవ్వుతున్న చేప బొమ్మ వేసి మళ్ళీ తలిమోవాకే పంపేవి. దాలమ్మ ఆ డబ్బా చేపతో పులుసు పెట్టి చూసింది. చింతపండు రుచి మారింది, చేప రుచి మారలేదు.

"ఇది ఏ చేప బావా?"

"డబ్బా మీద రాసుందిగా, చేప అని."

"దీనికి అమ్మానాన్నా పేరు పెట్టలేదన్నమాట" అంది దాలమ్మ.

ఆమె రోజూ పొద్దున దిబ్బ ఒడ్డుకి వెళ్ళేది. చిన్నప్పటినుంచీ అలవాటు, చేతిలో వల లేకపోయినా కాళ్ళు అటే నడిచేవి. మనిషి నీడ పడితే చెదిరిపోయే చేపలు ఇప్పుడు పాదాల చుట్టూ చేరి కొరికి చూసేవి. ఇంతకాలం మమ్మల్ని మీరు తిన్నారు, ఇప్పుడు మీ రుచేమిటో చూద్దాం అన్నట్టు ఉండేవి.

జనం మెల్లిగా సంగతి గ్రహించారు. ఒక మంత్రి పోతే కొన్ని నెలలు చేప ఉండదు. కాబట్టి మంత్రి పోకూడదు. అంతకు ముందు మాజీ మంత్రి ఎదురైతే మొహం తిప్పుకునేవాళ్ళు ఇప్పుడు చెయ్యిపట్టుకుని రోడ్డు దాటించసాగారు. వర్షంలో గొడుగు పట్టారు. మెట్ల దగ్గర ముందొకరు, వెనకొకరు నడిచారు. ఆరోగ్య శాఖ మిగతా రోగులందరినీ బయటి వరండాలోకి మార్చి, పెద్ద వార్డుకి "జాతీయ సంపద" అని బోర్డు తగిలించింది. ఒక మాజీ మంత్రి సారా తాగబోతే దుకాణదారు సీసా లాక్కుని, "మీ కాలేయం మీ ఒక్కరిదీ కాదండీ" అని కంటనీరు పెట్టుకున్నాడు.

ఎన్నికలు వచ్చాయి. కొత్తవాడిని గెలిపిస్తే వాడూ మంత్రి అవుతాడు, వాడికీ ఎప్పుడో ఒక కాయ పాతాలి. అందుకని కొత్తగా నిలబడ్డ కుర్రాళ్ళని బంధువులే ఇంట్లో పెట్టి తాళం వేశారు. ఉన్నవాళ్ళే మళ్ళీ గెలిచారు. ప్రధానమంత్రిగా ఎవరుండాలన్నప్పుడు మంత్రివర్గం డాక్టరుని పిలిపించింది. అందరి ఛాతీ మీదా గొట్టం పెట్టి విని, తవిటయ్య గుండె నికరంగా కొట్టుకుంటోందని డాక్టరు తేల్చాడు. అలా తవిటయ్య ప్రధానమంత్రి అయ్యాడు.

"ఎంత అభిమానం చూశావా" అన్నాడు దాలమ్మతో, మెడలో దండలు తీసి ఇస్తూ. "పార్టీలు లేవు, గొడవలు లేవు. అందరూ నా ఆరోగ్యమే అడుగుతున్నారు."

"నన్నూ అడిగారు బావా. నిన్ను మేడెక్కనివ్వొద్దన్నారు" అంది దాలమ్మ.

*

ఇంతలో ఈ సంగతి పెద్ద దేశాల చెవిన పడింది. అక్కడినుంచి పర్యావరణ నిపుణుల బృందం ఒకటి విమానం దిగి, దిబ్బలోకి మునిగి, ఆనందబాష్పాలతో పైకి తేలింది. ప్రపంచంలో ఇంత ఏపుగా చేప పెరిగిన దిబ్బ ఇంకొకటి లేదంది. ఆ పద్ధతికి "శోకాధారిత సముద్ర పరిరక్షణ" అని పేరుపెట్టి సదస్సు జరిపింది. తవిటయ్యకి గాజు డాల్ఫిన్ బొమ్మ బహూకరించింది.

"ఈ విజయాన్ని నిలుపుకోవడానికి ప్రభుత్వం దగ్గర దీర్ఘకాలిక ప్రణాళిక ఉందా?" అని బృందం నాయకురాలు అడిగింది. "అంటే, మరణాలు క్రమబద్ధంగా ఉండేటట్టు?"

మానోవా గొంతు సవరించుకున్నాడు. "మంత్రివర్గ సభ్యుల సగటు వయస్సు ఆశాజనకముగానే ఉన్నది" అన్నాడు.

మంత్రులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత విందులో నిపుణులు దిబ్బ చేప రుచి చూడాలని ముచ్చటపడ్డారు. లేదని చెప్పి డబ్బా చేప వడ్డించారు. వాళ్ళు డబ్బా తిప్పి చూసి, అది తమ దేశం సరుకేనని సంతోషించారు.

ఆ సదస్సు ముగిసిన వారానికే మాజీ ప్రధాని సియోనె పోయాడు. తలిమోవాని ప్రపంచం చూస్తున్న రోజులు కదా, ఒట్టి గోధుమరంగు కొబ్బరికాయ పాతడం హుందాగా లేదనిపించింది మానోవాకి. కాయకి జెండా రంగుల్లో ఎనామిల్ పెయింటు మూడు పూతలు వేయించాడు. వానకి చెడకుండా పైన వార్నిషు కొట్టించాడు. బ్యాండుమేళంతో దాన్ని పాతారు. ఫొటోల్లో కాయ మెరిసిపోయింది.

అది మొలవలేదు.

మిగతా కాయలు మొలిచే గడువు దాటింది. ఇంకో రెండింతలు దాటింది. ప్రభుత్వం మొలక నిర్ధారణ సంఘాన్ని వేసింది. సంఘం రోజూ భూతద్దాలతో సమాధి దగ్గరికి వెళ్ళి వచ్చేది. ముందు మొలక అంటే ఏమిటో తేల్చుకుంది: "మొలక అనగా కాయనుండి వెలువడి, కంటికి కనబడుచు, మరల లోనికి పోవు ఉద్దేశము లేనిది." ఒకరోజు కాయ పక్కన పచ్చగా ఏదో కనబడితే దేశమంతా వలలు తీసింది. గరిక అని తేలింది. వలలు లోపల పెట్టేసింది.

లోసేఫా వచ్చి చూశాడు. "పెయింటు వేసిన కాయ మొలవదు" అన్నాడు.

"పెద్దల అభిప్రాయమును నమోదు చేసుకుంటిమి" అన్నాడు సంఘం అధ్యక్షుడు కూడా అయిన మానోవా.

"అభిప్రాయం కాదు నాయనా. దానికి ఊపిరాడదు. తీసి ఇంకోటి పెట్టండి."

"రాజలాంఛనములతో పాతినదానిని పెకలించుట మృతదేహమును పెకలించుటతో సమానము. పైగా ఆ కాయ ప్రస్తుతము అధికారిక విధులలో ఉన్నది."

ఈలోగా మరో ఇద్దరు మాజీలు పోయారు. వాళ్ళ కాయలు మానోవా బల్లమీద వరసలో కూర్చున్నాయి. ఫైళ్ళ మధ్య, గదిలో వేడికి, అవి మాత్రం చక్కగా మొలకెత్తాయి. అక్కడ మొలవడం నిబంధనలకి విరుద్ధమని మానోవా వాటికి మెమో ఇచ్చాడు.

చట్టాన్ని రద్దు చేస్తే పోతుంది కదా అని మీరు అడగవచ్చు. జనమూ అడిగారు. కానీ రద్దు చెయ్యాల్సిన పదకొండుమందీ ఎవరి కాయని వాళ్ళు మనసులో పాతుకుని ఉన్నారు.

*

తవిటయ్యకి గుండెనొప్పి వచ్చింది. అది కూడా ఒక జెట్టీ ప్రారంభిస్తూ, చేతిలో కత్తెర ఉండగా.

డాక్టరు మంచం దిగొద్దన్నాడు. దేశం గడగడలాడింది. గుళ్ళో, చర్చిలో, మసీదులో ఒకేసారి ప్రార్థనలు జరిగాయి. ఇంటిముందు జనం చాపలు పరిచి కూర్చున్నారు. ఒకామె కోడి చారు తెచ్చింది, ఒకాయన కాళ్ళకి కొబ్బరినూనె రాశాడు, ఇంకొకాయన ఈగలు తోలాడు. తవిటయ్య దిండుకి ఆనుకుని అందరినీ తృప్తిగా చూసుకున్నాడు. ఆయన జీవితమంతా కోరుకున్నది ఇదే. ఇంకా పోకముందే దక్కుతోంది. ఒక్కటే దిగులు.

"మానోవా, నా కాయ ఎన్నోది?"

"సియోనె గారి పిమ్మట ఇరువురున్నారు. తమరు నాలుగవవారు అమాత్యవర్యా."

"ప్రధానమంత్రిని. కొంచెం ముందుకి జరపకూడదా?"

"వారు ముందుగా మరణించి చూపించినారు. తమరింకను..." అని మర్యాదగా ఆగిపోయాడు మానోవా.

మర్నాడు పక్కింటి వేవా వచ్చింది. దీవి మనిషి, దాలమ్మతో కలిసి చిన్నప్పుడు దిబ్బ మీద పీతలు పట్టినది. తెచ్చిన జావ తవిటయ్యకి చెంచాతో పట్టిస్తూ, "బాబుగారూ, మీరు ఇంకో పదేళ్ళు ఉండాలి" అంది.

తవిటయ్యకి కళ్ళు చెమర్చాయి. "ఎందుకు వేవా నేనంటే అంత ఇది?"

వేవా చెంచా గిన్నెలో పెట్టింది. "మా మనవరాలికి అయిదేళ్ళు వచ్చాయి బాబుగారూ. చేపకి ముల్లు ఉంటుందంటే నమ్మడంలేదు. డబ్బాలో పుడుతుందనుకుంటోంది. సియోనె కాయ ఏదో రోజు మొలుస్తుంది, మిగతా ఇద్దరివీ అవుతాయి. అప్పటిదాకా మీరు కాస్త ఓర్చుకుంటే దానికి వల పట్టుకోవడం నేర్పుతాను. ఆ తర్వాత మీ ఇష్టం."

ఇంకా జావ మిగిలింది కానీ తవిటయ్య నోరు తెరవలేదు. వేవా వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నామీద ప్రేమ అనుకున్నాను దాలమ్మా."

"ప్రేమే బావా. చేప మీద."

"వీళ్ళంతా, ఆ చర్చీ, ఆ గుడీ..."

"అంతా చేపే."

దాలమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని దుప్పటి సర్దింది.

"ఆ పెద్దాయన పోయినప్పుడు జనం మానేశారు చూడు," అన్నాడు తవిటయ్య, "అప్పుడు వాళ్ళ మొహాలు ఇలా లేవు."

"వాళ్ళనెవరూ మానమన్లేదు."

"నేను పోతే తిట్టుకుంటూ మానేస్తారు."

"డబ్బా మూత తీస్తూ తిట్టుకుంటారు. వేలు కోసుకుంటే ఇంకో రెండు ఎక్కువ తిడతారు." దాలమ్మ ఆయన పాదం మీద చెయ్యి వేసింది. "నీకోసం చేప మానేయడానికి నేనున్నాను కదా బావా. ఊరంతా ఎందుకు? పుట్టి బుద్ధెరిగాక నేను ఎవరికోసమూ చేప మానలేదు, మా అమ్మకి తప్ప."

తవిటయ్య ఇటు తిరిగాడు. "నేను అసలు మంత్రినే కాకపోయుంటే..."

"బాగుండేది" అంది దాలమ్మ, అన్నదే తడవుగా.

*

ప్రధాని మెట్లు ఎక్కలేడు కాబట్టి పార్లమెంటంతా ఆయన పడకగదికే వచ్చింది. కుర్చీలు చాలక ఇద్దరు మంత్రులు బియ్యం డబ్బాల మీద కూర్చున్నారు. దాలమ్మ టీ కలిపింది.

"నా కాయ వద్దు," అన్నాడు తవిటయ్య. "రాజీనామా చేస్తాను."

"రాజీనామా చేసినచో మాజీ అగుదురు," అన్నాడు మానోవా. "మాజీలు చట్ట పరిధిలోనివారే."

"నన్ను బర్తరఫ్ చెయ్యండి."

"అప్పుడును మాజీయే. అగౌరవ మాజీ. కాయలో మార్పు లేదు."

"పరదేశానికి రాయబారిగా పంపేస్తే?" అన్నాడు విద్యా మంత్రి. "అక్కడ పోతే అక్కడి దిబ్బ మూసుకుంటారు."

"ఆ చలిలో నేను రాను" అంది దాలమ్మ. రాయబారం అక్కడితో ఆగింది.

"మరి దారేది?"

మానోవా కళ్ళు మూసుకుని చట్టమంతా లోపల తిరగేశాడు. "ఒక్కటే దారి. తమరు ఏనాడును సభ్యులు గాని, మంత్రి గాని కాలేదని సభ తీర్మానించవలెను. పదవి పొంది పోగొట్టుకున్నవాడు మాజీ. అసలు పొందనివాడు ఒట్టి మనిషి. ఒట్టి మనుషులు ఎప్పుడైనను చనిపోవచ్చును."

తవిటయ్య గోడమీద వేలాడుతున్న తన ఫొటోలకేసి చూశాడు. కాటా దగ్గర తీసింది ఒకటి, ప్రమాణస్వీకారంవి రెండు, గాజు డాల్ఫిన్‌తో ఒకటి. దాలమ్మ ఆయన చూపు వెంటే చూసింది.

"కానివ్వండి" అన్నాడు.

మిగతా మంత్రులు మొహమాటపడ్డారు. అప్పుడు మానోవా తీర్మానం పర్యవసానాలు చదివాడు. తవిటయ్య గారు మంత్రి కాలేదు కాబట్టి ఆయన ప్రారంభించిన జెట్టీలేవీ చట్టరీత్యా ప్రారంభం కాలేదు. బడులూ, నీళ్ళ ట్యాంకులూ, బస్సు ఆగే చోట్లూ అంతే. వాటన్నిటికీ మళ్ళీ రిబ్బన్లు కట్టి, మళ్ళీ ప్రారంభోత్సవాలు జరపాలి.

గదిలో మొహమాటం పోయింది. ఉత్తర జెట్టీ నాకు కావాలని ఒకరు, నీళ్ళ ట్యాంకు ఎవరూ ముట్టుకోవద్దని ఒకరు. ప్రతిపక్షం కూడా ఒక బస్సు స్టాపు అడిగి పుచ్చుకుంది. తీర్మానం ఏకగ్రీవంగా అయిపోయింది. స్పీకరు అక్కడే ఉన్నాడు కాబట్టి సంతకమూ అయిపోయింది. తవిటయ్య ఏనాడూ ఏ పదవిలోనూ లేని పౌరుడయ్యాడు.

దాలమ్మ ఖాళీ గ్లాసులు పళ్ళెంలో సర్దుతూ, "ఒక్క మాట అడగొచ్చా మానోవా గారూ?" అంది.

"సెలవియ్యండి."

"మా బావ మంత్రే కాకపోతే, ఆ దిబ్బ మూసే చట్టం సభలో పెట్టిందెవరు?"

బియ్యం డబ్బా మీద కూర్చున్న మంత్రి బరువుకి డబ్బా మూత ఒక్కసారి టక్కుమంది.

"అమ్మా," అన్నాడు మానోవా, "ఆ ప్రశ్న ఎజెండాలో లేదు."

"లేదు. టీ ఇస్తుంటే గుర్తొచ్చింది."

మానోవా మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ ప్రవేశపెట్టని బిల్లు బిల్లు కాదు. బిల్లు కానిది చట్టం కాదు. చట్టం లేకపోతే సియోనె కాయ ఒట్టి పెయింటు వేసిన కాయ. ఎంత వెతికినా ఆయనకి లోపలినుంచి బయటపడే దారి కనబడలేదు. కళ్ళు తెరిచేసరికి కిటికీ దగ్గర వింటున్న జనంలో సగంమంది లేరు. వలలకోసం పరుగెత్తారు.

ఆ సాయంత్రం దేశమంతా వేపుడు వాసన. వేవా మనవరాలు చేప చూసి, దీనికి మూత ఏదని అడిగింది. కొన్నాళ్ళకి పర్యావరణ నిపుణులు శోకం కొరవడినందుకు విచారిస్తూ గాజు డాల్ఫిన్‌ని వెనక్కి అడిగారు. దాలమ్మ దాన్ని పాత చీరలో చుట్టి పంపించేసింది.

*

పదవులన్నీ పోయాక తవిటయ్య గుండె కుదుటపడింది. ఇంకో ఏడాదిన్నర బతికాడు. రోజూ దాలమ్మ వెనకాలే గాలం పుచ్చుకుని దిబ్బ మీదికి వెళ్ళేవాడు. మత్స్య శాఖ చూసిన మనిషికి చేప పట్టడం ససేమిరా చేతకాలేదు. పక్కన గాలం వేసినవాళ్ళు జాలిపడి తమ చేప ఒకటి ఆయన బుట్టలో పడేసి పోయేవారు. "తవిటయ్యా, ఎర ఉందా, నువ్వే తినేశావా?" అని లోసేఫా పడవలోంచి కేకేసేవాడు. గొడుగు ఎవరూ పట్టలేదు. వానొస్తే అందరితోపాటే తడిశాడు.

ఒకరోజు భోంచేసి అరుగుమీద ఒరిగినవాడు మళ్ళీ లేవలేదు.

ఒట్టి మనిషి కాబట్టి ప్రభుత్వం తరఫున ఎవరూ రాలేదు. మంత్రులందరూ ఉత్తర జెట్టీ ప్రారంభోత్సవంలో ఉన్నారు. అన్నీ అయ్యాక దాలమ్మ పెరట్లోంచి ఒక కొబ్బరికాయ తెచ్చి ఆయన సమాధి తలవైపు పాతింది. పెయింటు లేదు, మేళం లేదు. వేవా పక్కన నిలబడి చూసింది. మర్నాడు పరామర్శకి వస్తూ అన్నంలోకి ఏదైనా తెద్దామనుకుని, పెనం మీద వేసిన చేప దించేసి, వంకాయ వండుకుని వచ్చింది.

"చేప లేదేమే?" అంది దాలమ్మ.

"పొట్ట బాగాలేదు" అంది వేవా.

ఆ మర్నాడు లోసేఫా పడవ కదల్లేదు. ఆయనకీ పొట్ట బాగాలేదట. వారం తిరిగేసరికి ఊళ్ళో చాలామందికి పొట్టలు పాడయ్యాయి. అందరికీ అని చెప్పలేం. మానోవా మాత్రం రోజూ తిన్నాడు, తినకూడదనే నిబంధన ఎక్కడా లేదు కదా. కానీ బజారులో చేప కొనేవాళ్ళు లేరు. ఆరోగ్య శాఖ ఉలిక్కిపడింది. గుర్తుతెలియని ఉదరవ్యాధి వ్యాపించిందని ప్రకటించింది. నీళ్ళు కాచి తాగమంది. విచారణ సంఘం ఇల్లిల్లూ తిరిగి నాలుకలు చూసింది. ఒక్క నాలుకా ఏమీ చెప్పలేదు.

దాలమ్మ పాతిన కాయ అనుకున్నదానికన్నా ముందే మొలిచింది. పొద్దున్నే నీళ్ళ చెంబుతో వెళ్ళినామెకి వేలెడంత పచ్చటి మొన కనబడింది.

"నిదానం ఎప్పుడూ లేదు నీకు" అంది దానితో. కాసేపు అక్కడే కూర్చుని, లేచి, వల భుజాన వేసుకుని దిబ్బవైపు నడిచింది. నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చాక వెనక తడి ఇసకమీద అడుగుల చప్పుడు వినిపించి తిరిగి చూసింది. వేవా, ఆమె చెయ్యి పట్టుకుని మనవరాలు, వాళ్ళ వెనక లోసేఫా, ఆ వెనక వలలతో, బుట్టలతో ఊరు. అందరి పొట్టలూ ఒక్క పూటలో నయమైపోయాయి.

వ్యాధికి కారణం తెలియరాలేదనీ, ప్రభుత్వం సకాలంలో తీసుకున్న చర్యలవల్లనే అది అదుపులోకి వచ్చిందనీ ఆ సాయంత్రం రేడియోలో మానోవా ప్రకటించాడు.